దినమున కొక అధ్యాయము

ఎచ్చెర్ల ప్రాంతమున మేమెఱిగిన క్రైస్తవ గృహములలో బైబిలు లేని యిల్లు అరుదు; ప్రతిదినమును దానిని తెఱచు నిల్లును అరుదే. ఆదివారమున దేవాలయమునకు గొనిపోయి, తిరిగి వచ్చి గూటిలో నుంచుదురు. ఉదయమున సెల్‌ఫోనులో వచ్చు నొక్క వచనమును జూచి, ఆనాటి పఠనము తీరినదనుకొనువారును గలరు. వచనము మంచిదే. కాని ముందువెనుకలు లేని వచనము జాబులోనుండి చింపిన పంక్తి వంటిది; ఎవరు, ఎవరికి, ఏల వ్రాసిరో దానివలన తెలియదు.

1805 సంవత్సరమున లండను మిషను బోధకులగు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ గారలు విశాఖపట్టణమునకు వచ్చి తెలుగు నేర్చిరి. ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుని సహాయమున సువార్తల తర్జుమా సాగెను. క్రాన్ గారు 1809లోను, డెస్ గ్రాంజెస్ గారు 1810లోను మరణించిరి. మూడు సువార్తలు శ్రీరాంపూరున అచ్చుపడినది 1812లో. ఆ యచ్చుప్రతిని వారిద్దఱును చూడనేలేదు. మనకో, గ్రంథమంతయు చేతనున్నది!

అధ్యాయములు 1189. దినమునకు మూడును, ఆదివారమున అయిదును చదివిన ఏడాదిలో ముగియును. బాలురకు ఒక్కటి చాలునని మా యభిప్రాయము. సామెతల గ్రంథమున 31 అధ్యాయములే, నెలకు సరిపోవును. లేవీయకాండము చెంత పలువురు ఆగిపోవుదురు. అట్టివారు మార్కు సువార్తతో మరల మొదలిడవచ్చును, దోషము లేదు.

విద్యార్థులారా, మీ యింట అక్షరములు రాని వృద్ధులున్నారా? రాత్రి భోజనమునకు ముందు వారి చెంత కూర్చుండి బిగ్గరగా చదువుడు. తడబడినను వారు వినుదురు. వారడిగినదానికి మీకు జవాబు తోపనిచో, మఱునాడు ఉపాధ్యాయుల నడిగి వచ్చి చెప్పుడు.