బీకాం అంటే చిన్నచూపెందుకు?

ఇంజినీరింగ్ సీటు రానివాళ్లే బీకాంలో చేరతారని మన వాడల్లోనూ అంటున్నారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వ్యాపారం చేయాలనుంటే మొదట అడగాల్సింది ఆ సీటే. ఊరి భూముల లెక్క తరతరాలుగా కరణం చేతిలో ఉండేది. 1984లో ఆ పదవి పోయింది గానీ లెక్క మన చేతికి రాలేదు.

ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 10 లక్షల నుంచి కోటి దాకా అప్పిస్తామంటూ 2016లో స్టాండప్ ఇండియా తెచ్చారు. బ్యాంకు అడిగేది ప్రాజెక్టు రిపోర్టు. అది చదవడం రాకపోతే ఏమవుతుంది? యజమానిగా పేరు మనది, చెక్కుబుక్కు ఇంకొకడిది. జీఎస్టీ నోటీసు మాత్రం మన గుమ్మానికే వస్తుంది.

(బాబాసాహెబ్ 1923లోనే రూపాయి సమస్య మీద పుస్తకం రాశారు. మనం దాన్ని తెరిచిందెప్పుడు?)

పట్టా ఒక్కటే చాలదు. ట్యాలీ నేర్చుకోండి, ఏదో ఒక కొట్టులో ఏడాది లెక్కలు రాయండి. బీకాంలో 55 శాతం తెచ్చుకుంటే సీఏ ఫౌండేషన్ రాయకుండానే తర్వాతి మెట్టెక్కొచ్చు.