యాంటీ వైరస్ కొనాలా? ఒక్క క్షణం ఆగండి!

కొత్త కంప్యూటర్‌తో పాటే వచ్చిన యాంటీ వైరస్ గడువు ముగిసిందా? 'వెంటనే రెన్యువల్ చేయించుకోండి' అంటూ తెరమీద ఎర్రటి హెచ్చరికలు వస్తున్నాయా? కంగారుపడి డబ్బు కట్టేయకండి.

విండోస్ 10, 11లలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ముందే ఉంటుంది. పైసా ఖర్చు లేదు. గడువు తీరినదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, స్టార్ట్ మెనూలో 'విండోస్ సెక్యూరిటీ' తెరవండి. 'రియల్ టైమ్ ప్రొటెక్షన్' ఆన్‌లో ఉంటే మామూలు ఇంటి అవసరాలకు అది చాలు.

అంతకన్నా ముఖ్యం విండోస్ అప్‌డేట్లు. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ ఫైళ్లకు తాళంవేసి డబ్బు డిమాండ్ చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే విడుదల చేసింది! విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ కంప్యూటర్‌కు వీలుంటే 11కు మారిపోండి.

కొనాలనే అనుకుంటే...

* ఏవీ-టెస్ట్, ఏవీ-కంపారిటివ్స్ సంస్థల పరీక్షా ఫలితాలు చూడండి. నెట్‌లో ఉచితమే.

* మొదటి ఏడాది డిస్కౌంట్ చూసి మురిసిపోవద్దు. రెండో ఏడాది ఎంతో అడగండి.

* ఒకేసారి రెండు యాంటీ వైరస్‌లు వద్దు. ఒకదానికొకటి అడ్డుపడతాయి.

* 'క్రాక్' కాపీల జోలికి వెళ్లొద్దు. వైరస్ వాటిలోనే ఉండొచ్చు.

ఏది వాడినా పిల్లల ఫొటోలు, ముఖ్యమైన కాగితాలు మరో హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని విడిగా తీసి దాచండి. వైరస్ తాళం వేసినా మీ జ్ఞాపకాలు భద్రం.