కథలు చదివే పిల్లకి రూల్స్ పుస్తకం ఇవ్వకండి

ఈసారి నాకు కొంచెం కోపంగా ఉంది. అందుకే వాక్యాలు పొట్టిగా ఉంటాయి. (పొడుగు వాక్యాలు నాకు ఇంకా సరిగ్గా రావు, అది వేరే సంగతి.)

ఉగాదికి, దీపావళికి, పుట్టినరోజుకి మన ఇళ్లలో ఇదే జరుగుతుంది. ఇంట్లో ఒక పిల్ల ఎప్పుడూ టోల్కీన్, డ్రాగన్లు, మంత్రగాళ్లు అంటూ చదువుతూ ఉంటుంది. బాబాయికి ఏం కొనాలో తెలియదు. షాపుకి వెళ్లి, "మా పిల్ల ఫాంటసీ చదువుతుంది, ఈ మధ్య ఆ డైస్ ఆట గురించి అడుగుతోంది" అంటాడు. షాపులో అన్నిటికంటే మందంగా ఉన్న పుస్తకం చేతిలో పెడతారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్. 2024లో వచ్చినదానికి 384 పేజీలు. వచ్చినప్పుడు ధర అమెరికాలోనే 50 డాలర్లు. మన రింగిట్లలో అప్పట్లో 200 దాటింది. బాబాయి డబ్బు కట్టేసి, మంచి పని చేశాను అనుకుంటాడు.

చేయలేదండీ బాబాయి గారూ.

ఆ పుస్తకంలో కథ లేదు. బొమ్మలు బాగుంటాయి, నిజమే. మిగతాదంతా నిబంధనలు. మంత్రం ఎంత దూరం పోతుంది, కత్తి దెబ్బకి ఏ పాచిక వేయాలి, ఇలాంటివి. పైగా అది మూడింటిలో ఒకటి. ఆట నడిపేవాళ్లకి వేరే పుస్తకం ఉంది, రాక్షసులకి ఇంకో పుస్తకం ఉంది. ఆట మొదలుపెట్టాలంటే తోడు మనుషులు కూడా కావాలి. ఒంటరిగా మంచం మీద కూర్చుని చదువుకునే పిల్లకి ఈ పుస్తకం ఇస్తే ఏమవుతుంది? పది పేజీలు తిప్పి అల్మారాలో పెడుతుంది. తర్వాత ఇంట్లో అందరూ, "చూశావా, అంత డబ్బు పెట్టి కొంటే ముట్టుకోలేదు" అంటారు. వచ్చే ఏడాది ఎస్‌పీఎం గైడు కొనిస్తారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. కొన్నవాళ్లు తప్పు పుస్తకం ఎంచుకుంటారు, మాటలు మాత్రం పిల్ల పడుతుంది.

మరి ఏం కొనాలి?

పిల్ల ఒక్కతే చదువుతుందా? అయితే ఫైటింగ్ ఫాంటసీ కొనండి. మొదటి పుస్తకం ది వార్‌లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్, 1982లో వచ్చింది. రాసినవాళ్లు స్టీవ్ జాక్సన్, ఇయాన్ లివింగ్‌స్టన్. అందులో 400 చిన్న భాగాలు ఉంటాయి, ప్రతి ఒక్కదానికి ఒక నంబరు. ఎడమ దారికి ఒక నంబరు, కుడి దారికి ఇంకో నంబరు. రెండు మామూలు పాచికలు, ఒక పెన్సిలు, ఒక రబ్బరు చాలు. స్నేహితులు అక్కర్లేదు. చిన్న పుస్తకం, తక్కువ ధర. షాపువాళ్లు దీన్ని ముందు ఎందుకు చూపించరో మీరే ఆలోచించండి.

ఇద్దరు ముగ్గురు కజిన్లు ఉన్నారా? అయితే స్టార్టర్ సెట్ పెట్టె. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కి 2014లో వచ్చిన పెట్టెలో 32 పేజీల నిబంధనలు, 64 పేజీల ఒక సాహసం, ముందే తయారు చేసిన ఐదు పాత్రలు, పాచికలు ఉన్నాయి. మధ్యాహ్నం విప్పితే సాయంత్రానికి ఆడొచ్చు. తర్వాత వేరే పెట్టెలు కూడా వచ్చాయి, పద్ధతి అదే. పిల్లకి టోల్కీన్ అంటే ప్రాణమైతే ది వన్ రింగ్ ఆటకి కూడా అలాంటి పెట్టె ఉంది. అందులో హాబిట్లుగా వాళ్ల ఊళ్లోనే తిరుగుతారు.

ఇంకొకటి. ఇది మన దేశంలో పుట్టింది, కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. జెడెక్ స్యూ మలేషియా రచయిత, మున్ కావ్ చిత్రకారుడు. ఇద్దరూ కలిసి ఎ థౌజండ్ థౌజండ్ ఐలాండ్స్ అని సన్నని పుస్తకాలు చేశారు. ఒకదానిలో మొసళ్ల నది రాజ్యం ఉంది. నిబంధనలు దాదాపు లేవు. మనుషులు, జంతువులు, సరుకులు, పుకార్లు, వాటి బొమ్మలు, అంతే. ఏ ఆటకైనా వాడుకోవచ్చు, ఊరికే చదువుకోవచ్చు. కోటలూ మంచూ లేని ఫాంటసీ. వర్షం, బురద, నది, అడవి. కిటికీ బయట కనిపించేదే. ఎక్కడైనా కనిపిస్తే ఆలోచించకుండా కొనేయండి.

జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్ (2022) అనే పుస్తకంలో మిమి మండల్ బెంగాల్ ఛాయలతో ఒక సాహసం రాసింది. బాగుంటుంది. కానీ దానికి ముందు నిబంధనలు తెలిసి ఉండాలి. అది రెండో ఏడాది బహుమతి.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. ఈ మాట అన్నప్పుడల్లా ఒక పెద్దాయన, "ఇవన్నీ ఇంగ్లీషు పుస్తకాలు కదమ్మా, తెలుగు పిల్లలకి ఎందుకు? చందమామ ఇవ్వొచ్చు కదా" అంటారు. చందమామ ఇవ్వండి, నేను వద్దన్నానా? 1947 నుంచి వచ్చిన కథలు, నాకూ ఇష్టమే. కానీ ఇక్కడ పుట్టిన పిల్లల్లో ఎంతమంది తెలుగు అక్షరాలు గబగబా చదవగలరు? స్కూల్లో మలయ్, స్నేహితులతో ఇంగ్లీషు, మమక్ షాపులో తమిళం. తెలుగు ఇంట్లోనే, అదీ "తిన్నావా", "పడుకో", "చెప్పు ఎక్కడ పెట్టావు" వరకే.

ఈ ఆటలో పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, ఆట మాత్రం నోటితో ఆడతారు. ఆట నడిపేవాళ్లు ఏదో వర్ణించి ఒకే ప్రశ్న అడుగుతారు: నువ్వు ఏం చేస్తావు? మిగతావాళ్లు జవాబు చెప్పాలి. తలుపు తోస్తాను. దీపం ఆర్పేస్తాను. ఆ ముసలావిడతో మర్యాదగా మాట్లాడతాను. ముసలావిడతో మాట్లాడాలంటే "నువ్వు" కుదరదు, "మీరు" అనాలి, లేకపోతే ఆవిడకి కోపం వచ్చి దారి చెప్పదు! ఏ క్లాసులో అయినా "మీరు" ఎందుకో ఇంత బాగా అర్థమవుతుందా? తెలుగు క్లాసులో పిల్ల పద్యం అప్పచెబుతుంది. మంచిదే. కానీ అప్పచెప్పడం వేరు, సొంతంగా ఒక వాక్యం కట్టడం వేరు. ఆటలో వాక్యం తడబడినా ఎవరూ నవ్వరు, ఎందుకంటే అందరికీ ఆ తలుపు వెనక ఏముందో తెలుసుకోవాలని ఉంటుంది.

ఇది పరాయి పద్ధతి అని కూడా అనకండి. కాశీ మజిలీ కథలు ఎలా నడుస్తాయి? మణిసిద్ధుడు కాశీకి పోతూ ప్రతి మజిలీలో కథ చెప్పాలి. వెంట వచ్చే గోపకుమారుడు దారిలో ఏదో వింత చూసి, దాని కథ చెప్పమని పట్టుబడతాడు. ఒకరు అడగాలి, ఒకరు అక్కడికక్కడ చెప్పాలి. పాతాళ భైరవి (1951) ఆ కథల నుంచే వచ్చింది. తోట రాముడికి ఒక క్యారెక్టర్ షీటు రాయడం ఎంతసేపు? నేపాళ మాంత్రికుడు ఎలాగూ ఉన్నాడు.

ఇంకో సంగతి పెద్దవాళ్లకి ఎవరూ చెప్పరు. 2023 జనవరిలో ఆ కంపెనీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రాథమిక నిబంధనల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేసింది. అంటే ఆ పత్రం ఎవరిదో చెప్పి, ఎవరైనా తెలుగులోకి అనువాదం చేయొచ్చు, అచ్చు వేయొచ్చు, అమ్మొచ్చు కూడా. డబ్బు కట్టక్కర్లేదు, అనుమతి అడగక్కర్లేదు. "ఇంగ్లీషు పుస్తకం కదమ్మా" అనేవాళ్లు పది పేజీలు తెలుగు చేసి ఇవ్వొచ్చు. 200 రింగిట్ల పుస్తకం కంటే, మావయ్య చేత్తో రాసిన పది పేజీలూ ఒక పాచికల సంచీ నేనైతే ఎక్కువ దాచుకుంటాను.

పాత్రకి ఆరు గుణాలు ఉంటాయి. నేను రాసుకున్నవి ఇవి: బలం, చురుకు, ఓర్పు, తెలివి, వివేకం, ఆకర్షణ. చివరి మాట నాకు నచ్చలేదు, సినిమా పోస్టరు మీద మాటలా ఉంది. నలుగురూ తన మాట వినేలా చేసే మనిషిలో ఉండే గుణం అది. మీ అమ్మమ్మ దాన్ని ఏమంటారో అడిగి నాకు చెప్పండి.