కాలు పోవుటకు ముందే మేలుకొనుడు

మధుమేహము సంపన్నుల రోగమను నపోహ మనలో నింకను పోలేదు. భారతీయ వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన పరిశీలనము ననుసరించి మన దేశమున దాదాపు 10 కోట్ల 10 లక్షల మంది దీనిచే పీడితులు. వీరిలో పొలము దున్ను రైతులును, అంగడి నడుపు వర్తకులును గలరు. వీరి కాళ్ళక్రింద పొంచియున్న యాపదయే గ్యాంగ్రీను.

రక్తము చేరని మాంసము బ్రదుకదు. రక్తనాళములు పూడినచో వ్రేళ్ళు నల్లబడి యెండిపోవును. అందు సూక్ష్మజీవులు చొచ్చినచో మాంసము కుళ్ళి, విషము దేహమెల్ల వ్యాపించి, కొలది దినములలోనే ప్రాణముమీదికి వచ్చును. మధుమేహము రక్తప్రసారమును తగ్గించుటయేగాక నరములను మొద్దుబార్చును. ముల్లు గ్రుచ్చుకొన్నను, చెప్పు కరచినను నొప్పి తెలియదు. నొప్పి లేదుగదా యని రోగి యా పుండుతోనే నడచును. చుట్ట, బీడీల యలవాటు ఈ కీడును మరింత త్వరపరచును.

1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండు కుష్ఠరోగుల విషయమున నొక సత్యమును చాటెను. వారి కాళ్ళు, చేతులు తమంతట తాము కుళ్ళిపోవుటలేదు. స్పర్శ పోయినందున, తెలియక తగిలిన గాయములచే నశించుచున్నవి. మెత్తని రబ్బరు చెప్పులు అట్టి పాదములకు రక్షయైనవి. ఈ పాఠము మధుమేహరోగికిని వర్తించును.

కావున ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున చక్కెర పరీక్షతోపాటు పాదపరీక్షయు జరుగవలెను. 10 గ్రాముల యొత్తిడికి వంగు నైలాను పోగుతో స్పర్శను, చేతివ్రేళ్ళతో పాదనాడిని చూచుటకు కొలది నిమిషములు చాలును. ఆరోగ్యశ్రీ పథకము 2007లో ప్రారంభమైనది మొదలు శస్త్రచికిత్సలకు ప్రభుత్వధనము వ్యయమగుచున్నది. కోతకు వెచ్చించు చేతులు పేదలకు తగిన చెప్పులిచ్చుటకు వెనుదీయనేల?

ప్రజలకును బాధ్యత గలదు. మధుమేహము గలవారు ప్రతిరాత్రి పాదములను, వ్రేళ్ళ సందులను దీపము వెలుతురున చూచుకొనవలెను. వట్టికాళ్ళతో గట్లపై నడువరాదు. పుండుపై పసరులు పోయుట, వేడి కాపడములు పెట్టుట తగదు. పుండు చిన్నదైనను నాడే వైద్యుని చూడవలెను. భూస్వాములు తమ పొలమున పాటుపడు కూలీల పాదములను గూర్చియు విచారింపవలెను. కాలు కోల్పోయిన కూలికి ఆనాటితోనే జీవనాధారము పోవును. కుటుంబము అప్పుల పాలగును. పాదమును చూచుట చిన్న పని. చూడకుండుట పెద్ద నష్టము.