అందరికీ ఒకే డిస్కు ఎందుకండీ?

మా పెళ్లి వీడియోని డీవీడీగా మార్పించి, అందులోనే తమ్ముడి గృహప్రవేశం కూడా కలిపి ఒక్క డిస్కు చేయిద్దామని బుద్ధి పుట్టింది నాకే. అమ్మకొకటి, న్యూజెర్సీలో తమ్ముడికొకటి. ఎవరి టీవీలో వేసుకున్నా ఆడాలి, ఇదీ నా కోరిక. స్టూడియో అబ్బాయి "అయిపోతుందండీ" అన్నాడు. అయిపోయింది కూడా.

ఆ రాత్రి అమ్మా నేనూ చూడటానికి కూర్చున్నాం. జీలకర్ర బెల్లం దగ్గరే నాకు అనుమానమొచ్చింది. నేనేమో ఆ రోజుల్లో కట్టెపుల్లలా ఉండేదాన్ని, డిస్కులో బూరెలా ఉన్నాను! నడిచేవాళ్లు ఆగి ఆగి నడుస్తున్నారు. పోనీలే అనుకుంటే, అప్పగింతల దగ్గర నాన్న నోరు తెరవకముందే ఆయన మాట అయిపోతోంది. అమ్మ కాసేపు చూసి, "ఆపెయ్యవే, మీ నాన్న గొంతు ఆయనది కానట్టుంది" అని లేచి వెళ్లిపోయింది. నాన్న పోయి నాలుగేళ్లయింది. ఆయన మాట్లాడింది మా దగ్గర ఇంకెక్కడా లేదు.

స్టూడియో అబ్బాయి పని చెడగొట్టాడనే అనుకున్నాను మొదట. తర్వాత తెలిసింది, చెడగొట్టింది నా కోరికేనని.

మన పాత టీవీ పద్ధతి ప్యాల్. సెకనుకి 25 బొమ్మలు, ఒక్కో బొమ్మకి 576 గీతలు. అమెరికా వాళ్లది ఎన్‌టీఎస్‌సీ. సెకనుకి 29.97 బొమ్మలు, 480 గీతలు. డీవీడీ రెండింటినీ ఒప్పుకుంటుంది కానీ ఒకే డిస్కులో రెండూ కలిపితే ఒప్పుకోదు. నేను ఒకే డిస్కు అన్నాను కాబట్టి అతను మా పెళ్లిని అమెరికా పద్ధతిలోకి తెచ్చాడు. 25 బొమ్మల్ని 30 చెయ్యాలంటే ప్రతి అయిదింటికీ ఒకటి రెండోసారి చూపించాలి. మనుషులు ఆగి ఆగి నడిచింది అందుకే. 30 అని లెక్కేసి చేసినది 29.97 వేగంతో ఆడితే బొమ్మ వెనకబడుతుంది, గంటకి మూడున్నర సెకన్లకి పైగానే. మా పెళ్లి రెండు గంటలు. అప్పగింతలు చివర్లో వస్తాయి కాబట్టి అక్కడికి ఏడు సెకన్ల తేడా. గడియారం పెట్టుకుని మరీ చూశాను, సరిగ్గా సరిపోయింది. ఇక నా లావు సంగతంటారా, తమ్ముడి వీడియో వెడల్పు తెరది, మాది పాత టీవీ కొలత. రెండింటికీ ఒకే కొలత పెట్టేసరికి మేమంతా పక్కలకి సాగాం.

మళ్లీ చేయిద్దామంటే అసలు క్యాసెట్ లేదు. బూజు పట్టిందని ఇల్లు మారినప్పుడు పారేశాం (మా వారు పారేద్దామన్నారు, నేను సరేనన్నాను, కాబట్టి ఇద్దరిదీ తప్పే). మిగిలింది దాని నుంచి ఎప్పుడో చేయించిన రెండు వీసీడీలు. "మళ్లీ ఇచ్చేద్దాం, ఈసారి గట్టిగా చెబుదాం" అన్నారు మా వారు. నాకు ధైర్యం చాలలేదు. ఒక మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని నేనే కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

వీసీడీ తెరిస్తే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్‌లో డాట్ ఫైలు ఉంటుంది. ముందు రెండు డిస్కుల్లోవీ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాను. గీతలు పడిన రెండోది మొరాయిస్తే మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచి మళ్లీ పెట్టాను. నాకు నిజంగా ఆశ్చర్యమనిపించింది ఆ తర్వాతి సంగతి. వీసీడీలో బొమ్మ 352 బై 288 కొలతలో, ఎంపెగ్-1 పద్ధతిలో ఉంటుంది. ప్యాల్ డీవీడీ దాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకుంటుంది! ఒప్పుకోనిది ధ్వనిని మాత్రమే. వీసీడీలో ధ్వని 44.1 కిలోహెర్ట్జ్, డీవీడీకి 48 కావాలి. అంటే బొమ్మని ముట్టుకోకుండా ధ్వని ఒక్కటి మారిస్తే చాలు. బొమ్మని పెద్ద కొలతలోకి మార్చినంత మాత్రాన లేని వివరాలు రావు. మజ్జిగలో నీళ్లు పోస్తే గ్లాసులు పెరుగుతాయి, పెరుగు పెరగదు కదా.

డీవీడీ స్టైలర్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో వీడియోకి కాపీ అనీ, ఆడియోకి మాత్రం మార్చమనీ చెప్పాను. రెండు గంటల పెళ్లి 4.7 జీబీ డిస్కులో మూడో వంతు కూడా పట్టలేదు. మెనూ పెట్టలేదు. అమ్మకి రిమోట్‌తో మెనూ అంటే చిరాకు, డిస్కు పెట్టగానే మొదలైపోవాలి. తమ్ముడి గృహప్రవేశాన్ని ఏ మార్పూ లేకుండా వేరే డిస్కుకి రాశాను. మన దగ్గర అమ్మే ప్లేయర్లు చాలావరకు రెండు పద్ధతులూ ఆడిస్తాయి. అక్కడివే చాలావరకు మనవి ఆడించవు. ఇది రీజియన్ కోడ్ గొడవ అనుకుంటారు చాలామంది, కాదు. ఇంట్లో చేసుకున్న డిస్కుకి ఆ తాళం ఉండదు. వాడి కంప్యూటర్‌కి ప్యాలైనా ఒకటే కాబట్టి వాడికీ ఇదే డిస్కు పంపాను. "టీవీలో రాదా అక్కా?" అని కాస్త గొణిగాడు. గొణగనివ్వండి.

అందరికీ పనికొచ్చే ఒక్క డిస్కు కోసం నాన్న మాటని ఆయన పెదవుల నుంచి విడదీసుకున్నాను నేను. మీరు ఎవరికైనా ఇస్తే "కలపండి, మార్చండి" అనకండి. ఏది ఎందుకు మారుస్తున్నారో అడగండి. డాట్ ఫైళ్లు మాత్రం రెండు చోట్ల దాచుకోండి.

అమ్మ కొత్త డిస్కు మూడుసార్లు చూసింది. మూడోసారి, "మీ నాన్న ఏడుస్తూ కూడా డ్రైవర్లు భోజనం చేశారా అని అడుగుతున్నారు చూడవే" అంది. పాత డిస్కుని జామచెట్టుకి వేలాడగట్టింది, పిట్టలు కాయలు కొట్టకుండా.