చూడకుండానే వద్దన్నాము



ఒక ఆదివారం యౌవనస్థుల కూడికలో కొరియా సీరియళ్ళ మాట వచ్చింది. దయ్యాలు, యమదూతలు, వాళ్ళ మధ్య ప్రేమకథలు, ఇవన్నీ మనకెందుకు, చూడకండి అని చెప్పాము. చాప మీద వెనక వరుసలో కూర్చున్న ఇంటర్ చదివే అమ్మాయి ఒకరు లేచి, "అయ్యగారూ, మీరు చూశారా?" అని అడిగింది. పొగరుగా అడగలేదు, తెలుసుకోవాలనే అడిగింది. మా దగ్గర జవాబు లేదు. చూడనిదాన్ని గురించి గట్టిగా మాట్లాడినందుకు సిగ్గుపడ్డాము.

ఆ వారమే అమ్మగారూ మేమూ కలిసి, ఆ అమ్మాయి పేరు రాసిచ్చిన సీరియల్ మొదలుపెట్టాము. 16 భాగాలు, ఒక్కొక్కటి గంటకు పైనే. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ, అర్థం కానిచోట ఆపుకుంటూ, పూర్తి చేయడానికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు మాట్లాడే హక్కు కొంత వచ్చిందనుకుంటున్నాము.

దాని పేరు 'గోబ్లిన్'. కొరియా భాషలో 'దొక్కేబి' అంటారు. 2016 డిసెంబరు నుండి 2017 జనవరి వరకు దక్షిణ కొరియాలో టీవీఎన్ అనే కేబుల్ ఛానెల్‌లో వచ్చింది. రాసినది కిమ్ ఉన్-సుక్ అనే రచయిత్రి. చివరి భాగం రేటింగు 20 శాతం దాటింది. అక్కడి కేబుల్ సీరియళ్ళలో అంతకు ముందు ఏదీ అంత దూరం రాలేదు.

కథ ఇది. కిమ్ షిన్ గొర్యో రాజ్యపు సేనాధిపతి. యుద్ధం గెలిచి వస్తే, దుర్మార్గుడైన సలహాదారు మాట విన్న పిల్లరాజు అసూయతో అతణ్ణి, అతని ఇంటివారిని చంపిస్తాడు. గుండెలో కత్తి ఉండగానే అతనికి చావులేని బ్రతుకు వస్తుంది. అది వరమూ శిక్షా రెండూను. 900 ఏళ్ళకు పైగా తనవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ పాతిపెడుతూ బ్రతుకుతాడు. అతని వధువు మాత్రమే ఆ కత్తిని లాగగలదు, లాగితే అతను లేకుండా పోతాడు. ఆ వధువు జీ ఉన్-తక్ అనే స్కూలు పిల్ల. కిమ్ షిన్‌తో ఒకే ఇంట్లో ఉండే యమదూత, కోడి వేపుడు హోటల్ నడిపే సన్నీ, వీళ్ళది ఇంకో కథ.

మొదట మంచి చెప్పాలి, ఎందుకంటే ఇందులో మంచి చాలానే ఉంది.

ఈ సీరియల్ చనిపోయినవారిని గౌరవిస్తుంది. యమదూత నల్ల టోపీ పెట్టుకుని వచ్చినా ఎవరినీ ఈడ్చుకుపోడు. ఒక నిశ్శబ్దమైన గదిలో కూర్చోబెట్టి, కప్పులో టీ పోసి ఇస్తాడు. అది తాగితే బ్రతికిన రోజుల జ్ఞాపకాలు పోతాయి. తాగేలోపు వాళ్ళు ఏం చెప్పుకున్నా వింటాడు. చూపులేని ఒక మనిషి చనిపోయి అక్కడికి వస్తే, అతనికంటే ముందు చనిపోయిన అతని కుక్క ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ చోట అమ్మగారు ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

మేము ఎన్నో భూస్థాపనలు చేశాము. సమాధి దగ్గర ఏడుస్తున్నవారితో "ఏడవకండమ్మా, మంచి చోటికే వెళ్ళారు" అని ఎన్నిసార్లు అన్నామో లెక్కలేదు. వాళ్ళ మాట వినడానికి ఒక కప్పు టీ తాగేంత సమయం కూర్చున్నది మాత్రం తక్కువే. మరుజన్మలు, మరపు టీ మన విశ్వాసం కాదని మీకు తెలుసు, దానిమీద ఇక్కడ వాదన పెట్టము. కాని ఆ గదిలోని ఓర్పు మాకు కావలసినదే.

ఇంకో సన్నివేశం. పెంపుడు ఇంట్లో దెబ్బలు తిని పారిపోతున్న కొరియా పిల్లవాడికి కిమ్ షిన్ పారిస్‌లో ఒక శాండ్‌విచ్ ఇస్తాడు, పరీక్షలో వచ్చే ఒక లెక్కకు జవాబు కూడా చెప్తాడు. ఆ పిల్లవాడు పెద్దవాడై, తనలాంటివారికి సాయపడుతూ బ్రతికి, ముసలితనంలో చనిపోయి ఆ టీ గదికి వస్తాడు. అప్పుడు తెలుస్తుంది, చెప్పిన జవాబు రాయకుండా తనకు వచ్చిన తప్పు జవాబే రాశాడని. కిమ్ షిన్ అలాంటి శాండ్‌విచ్‌లు వేలమందికి ఇచ్చాడు. ఎక్కువమంది అద్భుతం జరిగినచోటే ఆగి ఇంకొకటి కావాలని అడుగుతారట, లేచి నడిచినవారు కొద్దిమందేనట. ఇది విన్నప్పుడు మా సంఘం గుర్తుకొచ్చింది, అందులో మేమూ ఉన్నాము.

ఇక లోపాలు. చిన్నవి ముందు చెప్తాము. మధ్యలో కొన్ని భాగాలు సాగుతాయి. ఎక్కడపడితే అక్కడ కంపెనీల వస్తువులు కనిపిస్తాయి, డబ్బు తీసుకుని పెట్టారని మనలాంటివారికీ తెలిసిపోతుంది. తల్లి పోయిన ఉన్-తక్‌ను పిన్ని కుటుంబం కొట్టి, తిట్టి, ఆమె తల్లి మరణానికి వచ్చిన డబ్బు కోసం వేధిస్తుంది. ఆ కుటుంబపు దురాశను చాలాచోట్ల నవ్వులాటగా చూపించారు. అలాంటి ఇళ్ళలో పెరిగే పిల్లలు మనకు తెలుసు. మాకు నవ్వు రాలేదు.

పెద్ద లోపం ప్రేమకథలోనే ఉంది. మొదలయ్యేటప్పటికి ఉన్-తక్ వయసు 19 అంటారు. అది కొరియా పాత లెక్క, పుట్టగానే ఒక ఏడు, ప్రతి కొత్త సంవత్సరానికి ఇంకో ఏడు. మన లెక్కలో 17 లేక 18. స్కూలు యూనిఫాంలో ఉంది. దిక్కులేదు, డబ్బులేదు, రాత్రి పడుకోవడానికి చోటు లేదు. ఎదుటివాడికి పెద్ద ఇల్లు, బంగారం, వందల ఏళ్ళ అనుభవం ఉన్నాయి. పైగా కత్తి లాగితే తాను పోతానన్న సంగతి ఆమెకు చెప్పకుండా, లాగమని అడుగుతాడు. నిజం ఆమెకు చెప్పేది యమదూత. ఇంత తేడాను 'విధి' అన్న ఒక్క మాటతో కప్పేశారు. నటులు గోంగ్ యూ, కిమ్ గో-ఉన్ ఇద్దరూ ఎంతో బాగా చేశారు కాబట్టి కప్పినట్టు కూడా మనకు తెలియదు. అందం ఎక్కువైనచోట మనం ప్రశ్నలు అడగడం మానేస్తాము.

అయితే ఉన్-తక్‌ను చివరికి రచయిత్రి నిలబెట్టింది. చదువు పూర్తిచేసి, రేడియోలో ఉద్యోగం చేసుకుని, పెద్దదై, తానే ఇష్టపడి పెళ్ళి చేసుకుంటుంది. ఒకరోజు అదుపు తప్పిన లారీ చిన్నపిల్లల బస్సు మీదకు వస్తుంటే తన కారు అడ్డుపెట్టి చనిపోతుంది. ఆమె పేరు యమదూతల జాబితాలో ముందుగా లేదు. ఎవరో ఒకరి కోసం ప్రాణం పెట్టడం ఏ విధిలోనూ రాసి ఉండదని ఆ కథ అంటుంది. అంతవరకు విధి, విధి అన్న సీరియల్ అక్కడ తన మాటే తాను కాదంది. మాకు అన్నిటికంటే నచ్చిన చోటు అదే. ఆ తర్వాత మళ్ళీ జన్మ ఇచ్చి, మళ్ళీ యూనిఫాం వేసి అతని దగ్గరకే పంపడం మాత్రం నచ్చలేదు.

మొన్న ఆ అమ్మాయిని పిలిచి, "చూశామమ్మా" అన్నాము. నమ్మలేదు. కుక్క సంగతి చెప్తే నమ్మింది. తరువాత అమ్మగారు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, "నీకంటే బాగా పెద్దవాడు, నీ కష్టం తెలిసినవాడు, మనకిది రాసిపెట్టి ఉంది అంటే ఏం చేస్తావు?" అని అడిగింది. ఆ పిల్ల వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపటికి, మా కాలేజీ దగ్గర ఒకతను అలాగే అంటున్నాడు అమ్మగారూ, అంది.

మిగతాది ఇక్కడ రాయము. చూడవద్దని మళ్ళీ చెప్పి ఉంటే ఆ మాట మా చెవిన పడేది కాదని మాత్రం చెప్పగలము. మీ పిల్లలు ఏం చూస్తున్నారో తిట్టేముందు ఒక భాగమైనా వాళ్ళతో కూర్చుని చూడండి. ఎక్కడ ఏడ్చారో, ఎక్కడ నవ్వారో అడగండి. అడిగాక మీరు మాట్లాడకుండా కొంచెంసేపు వినండి.