మైకు కంటే ముందు గది

విజయవాడలో ఇంట్లోనే స్టూడియో పెట్టుకుందామనుకునే కుర్రకారు మొదట అడిగేది ఏ మైకు కొనాలని. ఎక్కువగా వినిపించే జవాబు నాయ్‌మన్ యు87. 1967లో వచ్చిన ఈ జర్మన్ మైకు ఇప్పటికీ స్టూడియోలను ఏలుతోంది. ధర లక్షల్లో ఉంటుంది. అప్పు చేసైనా అదే కొనాలన్న తపనను తప్పు పట్టలేం. కానీ ఆ డబ్బులో మొదటి రూపాయి పెట్టాల్సింది మైకు మీద కాదు, గది మీద.

ఏలూరు రోడ్డు పక్కన మూడో అంతస్తు ఫ్లాటు అనుకుందాం. కింద ఆటోల హారన్లు, పక్కింట్లో కుక్కర్ కూత, జంక్షన్ వైపు నుంచి రైలు కూత. మే నెలలో ఫ్యాన్ ఆపితే గాయకుడికి చెమటలు, ఆపకపోతే రికార్డింగులో రొద. యు87 లాంటి కండెన్సర్ మైకులోని బంగారు పూత పొర మందం కొన్ని మైక్రాన్లే. అంత పలచని పొర గొంతులోని జీరను ఎంత శ్రద్ధగా పడుతుందో, ఎదురు గోడకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనినీ అంతే శ్రద్ధగా పడుతుంది.

పోనీ, ఖరీదైన మైకు తన వంతు రొద తక్కువ చేస్తుందా? యు87 సొంత రొద సుమారు 12 డెసిబెల్స్. దాని ధరలో కొద్ది వంతుకే దొరికే రోడ్ ఎన్‌టీ1ది 5 డెసిబెల్స్ లోపే. ఫ్యాన్ తిరిగే గదిలో ఈ తేడా ఎవరి చెవికీ అందదు. అదే నోటికీ మైకుకూ మధ్య దూరం సగం చేస్తే గొంతు 6 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది, గది మోత మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు. 1982లో వచ్చిన మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’లో గానం చాలావరకు పట్టింది షూర్ ఎస్ఎం7. అది కండెన్సర్ కూడా కాదు, మామూలు డైనమిక్ మైకు.

ఈ పాఠం బెజవాడకు కొత్తది కాదు. 1948 డిసెంబర్ 1న మొదలైన ఆకాశవాణి కేంద్రం నుంచి బాలమురళీకృష్ణ భక్తిరంజని పాడినా, ఉషశ్రీ రామాయణం చెప్పినా, ఆ గొంతుల వెనుక బయటి చప్పుడు చొరబడని స్టూడియో ఉంది. మైకు ముందు ఎంత దూరంలో, ఏ వాలులో నిలబడాలో తెలిసిన సాధన ఉంది.

డెల్టాకు ఇంకో చిక్కు ఉంది, తేమ. బందరు గాలి తగిలే ఊళ్లలో కండెన్సర్ మైకును వాడాక అలాగే స్టాండుకు వదిలేస్తే పొర మీద చెమ్మ చేరి చిటపటలు మొదలవుతాయి. సిలికా జెల్ పొట్లంతో పెట్టెలో భద్రపరచాలి. సినిమా షూటింగుల్లో కనిపించే పొడుగాటి సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416 వేరే పద్ధతిలో పనిచేస్తుంది కాబట్టి తేమను బాగా తట్టుకుంటుంది.

మరి యు87కు అంత ధర దండగేనా? కానే కాదు. బుర్రకథ దళాన్ని తలచుకోండి. నడుమ తంబురాతో కథకుడు, రెండు పక్కలా డక్కీలతో వంతలు. ముగ్గురి మాటలూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ సాగాలి. విడివిడి గదుల్లో రికార్డు చేస్తే ఆ పట్టు చచ్చిపోతుంది. యు87 ఒక మీట తిప్పితే ముందు వైపు మాత్రమే వింటుంది, లేదా ముందూ వెనకా వింటుంది, లేదా చుట్టూ వింటుంది. చుట్టూ వినేలా పెట్టి ముగ్గురినీ దాని చుట్టూ నిలబెడితే ఆ ఊపు ఊపుగానే దక్కుతుంది. అదే కంపెనీ టీఎల్ఎం 103కి ఆ వెసులుబాటు లేదు, అది ముందు వైపే వింటుంది.

అలాంటి మైకును ప్రతి కుర్రవాడూ కొనక్కర్లేదు. విజయవాడలో ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఉంది. అక్కడ నిశ్శబ్దంగా ఉండే ఒక గది, అందులో ఇలాంటి మైకు ఒకటి, దాన్ని నడపడం తెలిసిన మనిషి ఒకరు, గంటకు సామాన్యుడు భరించగల అద్దె ఏర్పాటు చేయడం ప్రభుత్వానికి భారమేమీ కాదు. ఆ గది తలుపు తీసిన రోజున మొదటి కబురు దివిసీమ హరికథకులకూ, గుంటూరు వైపు బుర్రకథ దళాలకూ వెళ్లాలి. రానూపోనూ చార్జీలు కూడా కళాశాలే ఇవ్వాలి.